కూరకుండలో బీరు



సంఘ పెద్ద అయి ఉండి బీరు గురించి వ్రాస్తున్నాడేమిటి అని చదువరులు కొందరు నొసలు చిట్లించవచ్చు. చివరివరకు చదివి అప్పుడు చిట్లించమని మనవి. ప్రశ్న త్రాగే బీరును గురించి కాదు. పెద్దకూరను గంటల తరబడి సన్నని సెగ మీద వండేటప్పుడు అందులో పోయడానికి ఏ బీరు తగినది అన్నది ప్రశ్న. అడిగింది మా పెద్దమ్మాయి. జవాబు చెప్పింది నేను. వంట వరకు చూస్తే ఆ జవాబులో తప్పు లేదు. తప్పు మరొకచోట జరిగింది, దానిని గురించే ఈ నాలుగు మాటలు. మన పిల్లలు ఇప్పుడు బెంగుళూరు, పూనాలతో ఆగడం లేదు. జర్మనీ, బెల్జియం, ఐర్లండు దేశాలకు వెళ్తున్నారు. నేడు కాకపోతే రేపు ఈ ప్రశ్న మీ ఇంటికీ వస్తుంది.

2018లో నేను బడి పని నుండి విరమించిన తరువాత, నేనూ నా భార్యా బెల్జియంలోని గెంట్ పట్టణానికి వెళ్లి మా అమ్మాయి ఇంట రెండు నెలలు ఉన్నాము. ఆ ప్రాంతాన్ని ఫ్లాండర్స్ అంటారు. అక్కడివారికి ఒక కూర ఉంది. వారి డచ్చి భాషలో స్టోఫ్‌ఫ్లేస్ అంటారు, ఫ్రెంచి మాట్లాడేవారు కార్బొనాడ్ అంటారు. మనకు పులుసు ఎలాగో వారికి అది అలాగు. ఇంటింటికీ ఒక పద్ధతి, ఎవరికి వారి అమ్మ చేసిందే అసలైనది. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతంవారు ఇటువంటి కూరను ద్రాక్షారసముతో వండుతారు. ఫ్లాండర్స్ నేల ద్రాక్షకు పేరు పడినది కాదు, బీరుకు పేరు పడినది. కనుక వారు బీరు పోస్తారు. కేరళవారు అప్పాల పిండిని కల్లుతో పులియబెట్టినట్టే, చేతికి అందినదానిని వారు కుండలో పోసుకున్నారు. 2016లో యునెస్కో వారు బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారు కూడా.

మా అమ్మాయికి ఈ కూర నేర్పింది పక్కింటి ముసలావిడ. కిలో మాంసానికి అరకిలో ఉల్లిపాయలు. మాంసం లేత ముక్క కాకూడదు. మెడ, కాలి పిక్క, దవడ, ఇలా బాగా పనిచేసిన కండలు కావాలి. ఆ కండల పీచుల మధ్య గట్టి నారవంటి పదార్థం ఉంటుంది. సన్నని సెగ మీద రెండున్నర, మూడు గంటలు ఓపిక పడితే అది జిగురుగా కరిగి ముక్కను మెత్తపరుస్తుంది, పులుసుకు నిగారింపు ఇస్తుంది. తొందరపడి పెద్ద మంట పెడితే ముక్క బిగుసుకుపోతుంది. ముందు ముక్కలను వెన్నలో ఎర్రగా వేయించి తీసి, అదే పాత్రలో ఉల్లిపాయలను నిదానంగా ఎర్రబడనిచ్చి, బీరు పోసి, మన వాము వాసన కాస్త తగిలే థైమ్ రెమ్మలు, ఒక బే ఆకు వేస్తారు. రొట్టె ముక్కకు ఆవముద్ద దట్టంగా పూసి, పూసిన వైపు క్రిందికి ఉండేలా కూర మీద పరుస్తారు. ఉడుకుతుండగా ఆ రొట్టె విడిపోయి పులుసులో కలిసి చిక్కదనమిస్తుంది. కడపట కొద్దిగా ముదురు పంచదార, ఒక చెంచా వెనిగరు. పక్కన రెండుసార్లు నూనెలో వేయించిన బంగాళదుంప ముక్కలు. అన్నంలోకి కూడా బాగుంటుంది. నేను అన్నంతోనే తిన్నాను.

ఆ శనివారం సాయంకాలం అమ్మాయి నన్ను దుకాణానికి తీసుకువెళ్లింది. మద్యం దుకాణం గడప ఎన్నడూ తొక్కని మనిషిని. అక్కడ గడపే లేదు. పాలు, రొట్టెలు, సబ్బులు దాటగానే అదే వరుసలో గోడ నిండా బీరు సీసాలు. మా చెన్నైలో 2003 నుండి చిల్లర అమ్మకం సర్కారువారి టాస్మాక్‌దే. అక్కడ నిలబడినవాడి పేరు చీకటి పడకముందే పేటంతా తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ నా వైపు చూడలేదు. "నాన్నా, మీరు చదివి చెప్పండి, ఏది తీసుకుందాం?" అని పిల్ల అడిగింది. ముప్పయి నాలుగు సంవత్సరాలు పాఠం చెప్పినవాడిని ఏదైనా ప్రశ్న వేస్తే ఊరుకోలేడు. తెలిసినదాని నుండి తెలియనిదానికి వెళ్లమని శిక్షణ కళాశాలలో మాకు నేర్పారు. నాకు తెలిసినది పులుసు.

పులుసుకు కావలసినవి పులుపు, తీపి, రంగు. అక్కరలేనిది చేదు. బీరుకు చేదు హాప్స్ అనే తీగ పూల నుండి వస్తుంది. కుండలో ఆల్కహాలు ఆవిరైపోతుంది గాని ఆ చేదు ఆవిరి కాదు. నీరు ఇగిరేకొద్దీ చేదు ముదురుతుంది. కనుక హాప్స్ దట్టంగా వేసిన ఐ.పి.ఏ. రకం ఈ కూరకు పనికిరాదు. పసుపుపచ్చని పిల్స్ రకం, మన దేశంలో అమ్మే లాగర్ల వంటిది, రంగు ఇవ్వదు, తీపి ఇవ్వదు. ఐర్లండువారి నల్లని స్టౌట్‌లో మాడ్చిన బార్లీ చేదు ఉంటుంది. వారి కూరకు అది సరేనేమో, దీనికి బరువు. ఇక మిగిలినవి గోధుమరంగు బీర్లు. ఔడెనార్డె పట్టణంవారి పాత గోధుమరంగు బీరు పుల్లగా తియ్యగా ఉంటుంది. రూసెలారె పట్టణంలో పెద్ద పెద్ద చెక్క పీపాలలో మాగబెట్టే రోడెన్‌బాక్ ఇంకా పుల్లన. మన చింతపండుకు చుట్టం అనుకోవచ్చు. వెస్ట్‌మాల్ మఠపు సన్యాసులు చేసే డబుల్ రకం ఎండుద్రాక్ష వాసనతో తియ్యగా ఉంటుంది. త్రాగకుండా ఇవన్నీ నీకెలా తెలుసు అంటారా, సగం పక్కింటావిడ చెప్పింది, సగం సీసాల మీద వ్రాసి ఉంది. పుల్లని బీరు పోస్తే చివర పంచదార ఎక్కువ వేయాలి, తియ్యని బీరు పోస్తే వెనిగరు ఎక్కువ వేయాలి, అంతే తేడా. నేను మఠంవారి డబుల్ రెండు సీసాలు తీయించాను.

బాప్టిస్టు పెద్ద సన్యాసుల బీరు కొనడం చూసి నాకే నవ్వు వచ్చింది. వెస్ట్‌మాల్‌లో 1836 నుండి బీరు చేస్తున్నారు. ఆ సన్యాసులు అనుసరించే నియమావళి ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు వ్రాసినది. ద్రాక్షారసము సన్యాసులకు తగినది కాదని చెబుతూనే, ఈ కాలపువారిని ఆ మాటకు ఒప్పించడం అయ్యే పని కాదు గనుక మితంగానైనా పుచ్చుకోండని రోజుకు ఒక కొలత పెట్టాడాయన. మనుషులను ఎరిగినవాడు. మన పెద్దలు పట్టిన దారి వేరు. అమెరికా బాప్టిస్టు సంఘాలలో బాగా వాడుకలోకి వచ్చిన సంఘ నిబంధన 1853లో జె. న్యూటన్ బ్రౌన్ ప్రచురించినది. మా సంఘములో ప్రభువు బల్ల దినమున చదివేది దాని తెలుగే. మత్తు పానీయములను అమ్మము, పానీయముగా వాడము అనే ప్రమాణం అందులో ఉంది. ఎన్ని వందల సార్లు నా నోటితోనే చదివి ఉంటానో. ఆ దుకాణంలో "పానీయముగా" అన్న ఒక్క పదం నాకు చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు. కూరలో పోసినది పానీయము కాదు కదా!

పదం చాలలేదన్నట్టు లెక్క కూడా కట్టాను. ఒక్కో సీసా 330 మిల్లీలీటర్లు, రెండు కలిపి 660. అందులో 7 శాతం అంటే సుమారు 46 మిల్లీలీటర్లు ఆల్కహాలు. నీటికంటే ముందే, 78 డిగ్రీలకే అది మరుగుతుంది. అయితే మరిగిన మరుక్షణం అంతా పోతుందని మన ఆడవారు అనుకునే మాట నిజం కాదు. 1992లో అమెరికాలో ఆరు రకాల వంటకాలు వండి కొలిచి చూశారు. వంటను బట్టి, పాత్రను బట్టి, సమయాన్ని బట్టి నూటికి 4 వంతుల నుండి 85 వంతుల వరకు మిగిలింది. అక్కడి వ్యవసాయ శాఖవారి పట్టిక ప్రకారం పావుగంట ఉడికితే 40 శాతం, గంటకు 25, రెండు గంటలకు 10, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. ఆ లెక్కన మా కుండలో మిగిలేది రెండు మిల్లీలీటర్ల పైచిలుకు. బల్ల దగ్గర ఆరుగురం. మనిషికి అర మిల్లీలీటరు కూడా రాదు. దగ్గు మందులో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. లెక్కలు చెప్పిన మాష్టారికి లెక్క కుదిరితే మనస్సు కూడా కుదిరినట్టే.

ఆరుగురిలో ఒకడు నా తోడల్లుడి కుమారుడు. బ్రస్సెల్స్‌లో పని చేస్తుండేవాడు. అక్కడినుండి గెంట్‌కు రైలులో అరగంట. పెద్దమ్మను చూడాలని ఆ ఆదివారం వచ్చాడు. వీడు చెన్నైలో ఉండగా త్రాగుడులో పడ్డాడు. ఎంతగా అంటే, పెరంబూరు వీధులలో రాత్రి రెండు గంటలకు నేనూ మా తోడల్లుడూ టార్చిలైటు పట్టుకుని వెదికిన రోజులు ఉన్నాయి. ఉద్యోగం పోయింది, కుదిరిన సంబంధం తప్పిపోయింది. 2010లో చికిత్స జరిగింది. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర వేసుకున్నవాడు కాస్త మద్యం పుచ్చుకున్నా ముఖం జేవురించి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. అప్పుడు డాక్టరు గారు మా తోడల్లుడి భార్యకు వ్రాసి ఇచ్చిన కాగితంలో సీసాలు మాత్రమే కాదు, మద్యం కలిసిన వంటలు, కొన్ని మందులు, వెనిగరు కూడా ఉన్నాయి. ఆ కాగితం నేను చదివాను. మా అమ్మాయి చదవలేదు. అప్పుడు అది హాస్టలులో ఉండి చదువుకుంటోంది, కుటుంబం పరువు అని పిల్లలకు ఎవరికీ మేము చెప్పలేదు. 2018 నాటికి మాత్రలు మానేసి చాలా కాలమైంది. వాడు గట్టిగా నిలబడ్డాడు.

ప్రార్థన చేసి కూర్చున్నాము. కూర వడ్డించేటప్పుడు నాకు తెలుసు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్కింటావిడ ఉంది, అల్లుడు ఉన్నాడు, ఇప్పుడు ఈ మాట ఎత్తితే వాడి గతం బల్ల మీద పెట్టినట్టు అవుతుందని ఆగాను. అర మిల్లీలీటరే కదా అని కూడా అనుకున్నాను. వాడు మొదటి ముద్ద పెట్టుకుని నమలడం ఆపాడు.

"పెదనాన్నా, ఇందులో ఏం పోశారు?"

"బీరు, అన్నయ్యా! నాన్నగారే ఎంచారు తెలుసా, గోడ నిండా ఉన్నవాటిలో!" అని మా అమ్మాయి ఎంతో సంబరంగా చెప్పింది.

వాడు ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, మంచినీళ్ళు త్రాగి, బంగాళదుంప ముక్కలు, రొట్టె తిన్నాడు. నేను వెంటనే శాతాల పాఠం మొదలుపెట్టాను. ఎంత సిగ్గుమాలిన పాఠమో ఇప్పుడు తలచుకుంటే తెలుస్తుంది. సాయంకాలం ట్రాము దగ్గర దిగబెట్టడానికి నేనొక్కడినే వెళ్లాను. అప్పుడు అన్నాడు: "ఆ కాస్తకు నాకేమీ కాదు పెదనాన్నా. ఎనిమిదేళ్లుగా నా నోట్లోకి ఏం పోతుందో నేనే చూసుకుంటున్నాను. ఎక్కడికి పోయినా అడిగి తింటాను. ఈ రోజు మీ దగ్గరికి వస్తున్నాను గదా, అడగనక్కరలేదనుకున్నాను."

ఆ తరువాత మేము తిరిగి చెన్నై వచ్చేవరకు వాడు గెంట్ రాలేదు. ఫోను చేసేవాడు, పెద్దమ్మతో మాట్లాడేవాడు.

నేను ఎందుకు చెప్పలేదు? వాడి గౌరవం కాపాడడానికి అన్నది పై పొర. నిజంగా కాపాడాలనుకుంటే శనివారం రాత్రి ఒక ఫోను చేసి, "బాబూ, రేపు కూరలో బీరు పడుతోంది, నీకు వేరే ఏదైనా వండమని చెల్లితో చెబుతాను" అంటే సరిపోయేది. ఆ మాట తోచకపోలేదు. చేయలేదు. ఆరు నెలలు ఆలోచించిన మీదట నాకు తట్టిన సంగతి ఇది: కుండలో ఏముందో దాచడం నాకు చిన్ననాటినుండి అలవాటు.

ఈ పత్రిక చదివేవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. మన కుండలో ఏముందో ఊరంతా వాసన పట్టి మన మీద తీర్పు చెప్పిన వంశాలు మనవి. మా తాత నెల్లూరు జిల్లా నుండి మద్రాసుకు కూలికి వచ్చినప్పుడు దాచుకోవడం కూడా వెంట తెచ్చుకున్నాడు. 1986లో నాకు పెళ్లయిన కొత్తలో అద్దె ఇంటికోసం తిరిగాను. ఇంటాయన అడిగిన మొదటి ప్రశ్న అద్దె ఇవ్వగలవా అని కాదు, ఏమి వండుకుంటారు అని. "ఆదివారం మేక మాంసం" అన్నాను. పెద్దకూర వండిన రోజున కిటికీలు మూసి, పొయ్యి దగ్గర సాంబ్రాణి వేసేది నా భార్య. ఎముకలు కాగితంలో చుట్టి స్కూలుకు వెళ్లే దారిలో పారవేసేవాడిని. మహారాష్ట్రలో 2015 నుండి, కర్ణాటకలో 2020 చట్టం వచ్చినప్పటినుండి అక్కడి మన సహోదరులు గేదె మాంసం వండుకున్నా భయపడుతూ వండుకునే పరిస్థితి ఉంది. అబద్ధమాడవద్దని బడిలోనూ గుడిలోనూ చెప్పిన నేను ఆ ఇంటాయనతో ఆడిన అబద్ధానికి నేటికీ పశ్చాత్తాపపడడం లేదు. నా కుండలో ఏముందో అడిగే హక్కు ఆయనకు లేదు. ఆయన ఆ కుండలోది తినబోవడం లేదు. అడిగింది తినడానికి కాదు, నన్ను తూచడానికి.

అయితే ఆ నాలుకతోనే, అదే అలవాటుతో, నా బల్ల దగ్గర కూర్చుని తినబోయేవాడి దగ్గర కూడా దాచాను. ఇక్కడే నేను తప్పిపోయాను. తీర్పు తీర్చడానికి అడిగేవాడు వేరు, నోట పెట్టుకోబోయేవాడు వేరు. మొదటివాడికి కుండ మూత తీయనక్కరలేదు. రెండవవాడు అడగకముందే తీయాలి. వాడికున్నది కుతూహలం కాదు, హక్కు. అర మిల్లీలీటరు అని, ఐదు శాతం అని ఆ హక్కును తగ్గించడానికి లేదు. ఎందుకంటే అంత తక్కువ తనకు చాలా, ఎక్కువా అని తేల్చుకోవలసినవాడు వాడు. నేను వాడి బదులు తేల్చేశాను. పైగా వాసన, రుచి ఉన్నాయే, అవి శాతాలతో పోయేవి కావు. మద్యం మానినవారికి ఆ పాత వాసన తగిలితే పాత కోరిక లేస్తుందని వైద్యులు చెబుతారు. ఈ కూరకు ఆ బీరును ఎంచిందే దాని రుచి మూడు గంటలు ఉడికినా నిలుస్తుందని! అంటే నేను ఎంత బాగా ఎంచానో వాడికి అంత హాని.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయము, పదవ అధ్యాయము ఇంటికి వచ్చాక తీసి చదివాను. విగ్రహములకు అర్పించిన మాంసాన్ని గురించిన చర్చ అది. మనం సాధారణంగా ఎనిమిదవ అధ్యాయముతో ఆగిపోతాము, బలహీనుడైన సహోదరుని నిమిత్తము మానుకో అని ప్రసంగం ముగిస్తాము. పదవ అధ్యాయములో ఇంకొక సంగతి ఉంది. అంగడిలో అమ్మేదేదైనా ప్రశ్నలు వేయకుండా తినవచ్చునంటాడు. ఎవరైనా ఇది అర్పించినదని చెబితే మాత్రం ఆ చెప్పినవాని నిమిత్తము తినవద్దంటాడు. చెప్పేవాడు ఒకడు ఉండాలి అన్నమాట. ఆ బల్ల దగ్గర చెప్పవలసినవాడిని నేను. రోమా పత్రిక పదునాలుగవ అధ్యాయములో మాంసమును, ద్రాక్షారసమును ఒకే మాటలో కలిపి చెప్పాడు. పెద్దకూరలో బీరు పోసే దేశం గురించి ఆయనకు తెలియదు గాని, మా అమ్మాయి కుండలో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

మరి నేను తినవచ్చునా అని అడిగిన పెద్దలు ఉన్నారు. మా సంఘములోనే ఒకాయన, నిబంధన తప్పావు అన్నారు. తప్పలేదని నేను అనుకుంటున్నాను. అయితే ఆయన చూపించిన సంఖ్యాకాండము ఆరవ అధ్యాయము నన్ను కాసేపు ఆపింది. నాజీరు ప్రమాణం చేసినవాడు ద్రాక్షారసము మానడమే కాదు, పచ్చి ద్రాక్ష, ఎండు ద్రాక్ష, తొక్క, గింజ కూడా తినకూడదు. ఎండు ద్రాక్షలో మత్తు ఎక్కడ ఉంది? ఆ ప్రమాణం మత్తును కొలిచి పెట్టినది కాదు, చుట్టూ కట్టిన కంచె. మా అన్నగారి వాదన అది. నా జవాబు: అది తన కోసం తాను కట్టుకునే కంచె. మన నిబంధన వేరే కారణంతో మనవాళ్ళకు ప్రియమైంది. శనివారం కూలి డబ్బు ఇంటికి చేరాలని. మా తాత కూలి మూడు వారాలలో రెండు వారాలు కల్లు దుకాణానికే చేరేదని మా నాయనమ్మ చెప్పేది. నిబంధన వచ్చాకనే తన ఇంట్లో పొయ్యి రోజూ వెలిగిందనేది. ఆవిడకు చదువు రాదు, "పానీయముగా" అన్న పదం ఎప్పుడూ పట్టించుకొని ఉండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలూ ఇదే లెక్క చూశారు. మరుసటి ఏడు ఆంధ్రలో సారా నిషేధం వచ్చింది. ఆ నిబంధన ఎవరిని కాపాడడానికి పుట్టిందో వాడే నా ఎదుట కూర్చుంటే, నేను దానిలో ఒక పదం పట్టుకుని తప్పించుకున్నాను. అన్నగారు పట్టిన తప్పు ఇది కాదు గాని, నేను ఒప్పుకునేది ఇదే.

ఇంతకూ వంట సంగతి వదిలేయకూడదు. విదేశాలలో ఉన్న పిల్లలు అడిగితే నేను ఇప్పుడు చెప్పేది ఇలా ఉంటుంది. తినేవారెవరో ముందు చూడండి, బీరు తరువాత. అందరికీ తెలిసి, అందరికీ సమ్మతమైతే గోధుమరంగుది, చేదు తక్కువది, పుల్లనిదో తియ్యనిదో మీ ఇష్టం. మూత వేసి ఉంచితే ఆవిరి తిరిగి కుండలోకే పడుతుంది, కనుక చివరి గంట మూత ఓరగా తీసి ఉంచండి. ఆల్కహాలు లేని బీరు అని అమ్మేవాటిని చూసి మోసపోకండి. అక్కడ అర శాతం లోపు ఉన్నా ఆ పేరుతో అమ్మవచ్చు, వాసన మాత్రం అదే. త్రాగుడు మానినవాడి కంచానికి అదీ వద్దు. గర్భిణికి, చంటిపిల్లలకు, మాత్రలు వాడేవారికి వేరే కుండ పెట్టండి, లేకపోతే అందరికీ అదే పెట్టండి.

ఆ వేరే కుండను మా అమ్మాయి నాలుగైదుసార్లు ప్రయత్నించి కుదిర్చింది. బీరు బదులు ఎముకల రసం, చిక్కని టీ డికాక్షను అర గ్లాసు, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఒక ముక్క బెల్లం. ఉల్లిపాయలను ఇంకా ఎక్కువసేపు, అంటే ముప్పావు గంట ఎర్రబరచాలి. రంగు, వగరు టీ నుండి వస్తాయి. ఆవముద్ద పూసిన రొట్టె మామూలే. పక్కింటావిడ రుచి చూసి, ఇది స్టోఫ్‌ఫ్లేస్ కాదని ఖండితంగా చెప్పి, రెండోసారి వడ్డించుకున్నదట. చెన్నైలో నా భార్య ఇదే గేదె మాంసంతో వండుతుంది. ముదురు మాంసమైతే మరో గంట పడుతుంది.

2023 క్రిస్మసుకు మా తోడల్లుడి కుమారుడు సెలవు మీద పెరంబూరు వచ్చాడు. భోజనానికి రమ్మని నేనే ఫోను చేసి, కుండలో పడేవన్నీ టీ డికాక్షనుతో సహా ఒక్కొక్కటిగా చదివి చెప్పాను. "చాల్లే పెదనాన్నా, హాజరుపట్టీ చదివినట్టు చదువుతున్నారు" అని నవ్వాడు. వచ్చాక తిన్నగా వంటింట్లోకి వెళ్లి మూత తీసి వాసన చూశాడు. చూడనిచ్చాను. తరువాత పెద్దమ్మ చేతిలోని కంచం తానే అందుకున్నాడు.